మిషిగన్ స్టేట్ పార్కుల పాసు: ఏళ్ల తరబడి వాడాక నా మాట

మిషిగన్‌లో ఏటా కారు రిజిస్ట్రేషన్ కట్టేటప్పుడు, స్టేట్ పార్కుల్లోకి వెళ్లనిచ్చే పాసు, అంటే రిక్రియేషన్ పాస్‌పోర్ట్, కూడా కావాలా అని అడుగుతారు. కావాలనే చెప్పండి. 2010లో 10 డాలర్లతో మొదలైంది. తర్వాత కాస్త పెరిగినా, ఏడాది మొత్తానికి అయ్యేది ఇద్దరు ఒక పూట హోటల్లో తిన్నంత ఖర్చే. నంబరు ప్లేటు మీది స్టిక్కరులో ‘పి’ అక్షరం కనబడితే చాలు, కారులో ఎంతమంది ఉన్నా స్టేట్ పార్కు గేటు దాటవచ్చు. డెట్రాయిట్ శివార్లలో కాపురం పెట్టినప్పటి నుంచి వాడుతున్నాను. ఇంత తక్కువకు ఇంత ఇచ్చిన సర్కారీ వస్తువు నాకు మరొకటి తగల్లేదు. అయితే స్లీపింగ్ బేర్ డ్యూన్స్ అనే ఇసుక దిబ్బల తీరం జాతీయ పార్కుల శాఖది, కెన్సింగ్టన్ పార్కు మెట్రోపార్కుల సంస్థది. ఆ రెండు చోట్లా ఈ పాసు చెల్లదు.

స్టేట్ పార్కుల్లో నా ఓటు లడింగ్టన్‌కు. ఒక పక్క మిషిగన్ సరస్సు, మరో పక్క హామ్లిన్ సరస్సు, నడుమ ఇసుక దిబ్బలు, అడవి. పెద్ద సరస్సు నీళ్లు జూన్‌లో కూడా ఎముకలు కొరుకుతాయి. పిల్లలుంటే హామ్లిన్ వైపే నయం, అక్కడ లోతు తక్కువ, నీళ్లు కాస్త వెచ్చన. 1867 నాటి బిగ్ సేబుల్ దీపస్తంభం దాకా రెండు మైళ్లు నడవాల్సిందే, సందర్శకుల కార్లను పోనివ్వరు. ఆ నడకకు జడిసి చాలామంది వెనక్కి తిరుగుతారు, మనకు అదీ మంచిదే. జూన్ చివర్లో అక్కడ పొద్దు గుంకేసరికి రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది కనుక ఎండ తగ్గాక బయలుదేరినా తొందర ఉండదు.

ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. మిషిగన్ సరస్సులో ఉప్పు లేదు, ఆటుపోట్లు కనబడవు, ఎంతైనా చెరువే కదా అని మనవాళ్లు తేలిగ్గా దిగుతుంటారు. గాలి లేచిందంటే ఇక్కడి అలలు ఊపిరి తీసుకునే వ్యవధి ఇవ్వవు. సరస్సులోకి కట్టిన రాతి గోడల పక్కన నీరు మనిషిని లోపలికి లాగేస్తుంది. స్టేట్ పార్కు తీరాల్లో కాపలాకు ఈతగాళ్లు ఉండరు, ఉండేవి జెండాలే. ఎర్రజెండా ఉంటే ఒడ్డునే ఉండండి. రెండు ఎర్రజెండాలుంటే నీళ్లలో దిగడమే నిషేధం.

గుడారం వేసుకుని ఉండాలంటే పాసు చాలదు, చోటుకు విడిగా కట్టాలి. ఆరు నెలల ముందే బుకింగ్ తెరుస్తారు. వేసవి వారాంతాలు చూస్తుండగానే అయిపోతాయి, ఈ పద్ధతిలో నాకు నచ్చనిది ఇదే. ‘రస్టిక్’ అని రాసి ఉన్నచోట స్నానాల గది ఉండదు, గుంత మరుగుదొడ్డితో సరిపెట్టుకోవాలి. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లకండి. 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడిన ఆకుపచ్చ పెంకుపురుగు యాష్ చెట్లను కోట్లలో చంపింది, అది దూరాలకు పాకింది ఇలాంటి కట్టెల్లోనే. మసాలా పట్టించిన కోడిని మాత్రం నిక్షేపంగా తీసుకెళ్లండి, బొగ్గుల పొయ్యిలు చాలా పార్కుల్లో ఉంటాయి.

ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే వారెన్ డ్యూన్స్ వద్దు. 240 అడుగుల ఇసుక గుట్ట ఎక్కడం మోకాళ్లకు శిక్ష. మాకినా వంతెన దాటి టక్వామెనాన్ జలపాతానికి తీసుకెళ్లండి. డెట్రాయిట్ నుంచి ఐదు గంటలకు పైగా ప్రయాణమే అయినా, కారు ఆపిన చోటి నుంచి చదునైన బాట ఉంది. మెట్లు దిగకుండానే చెట్ల మధ్య నుంచి ఎగువ జలపాతం కనబడుతుంది. దాదాపు 200 అడుగుల వెడల్పున డికాషన్ రంగు నీళ్లు దూకుతుంటాయి. చూడగానే మురుగనుకుంటారు, కానీ అది దేవదారు జాతి చెట్ల చిత్తడి నేలల నుంచి దిగిన రంగు. వేసవి మొదట్లో అక్కడ దోమలు, నల్ల ఈగలు నిలవనివ్వవు. సెప్టెంబరు చివర్లో ఆ బెడద పోతుంది, ఆకులూ రంగు మారుతాయి. పెద్దవాళ్ల తిరుగు టికెట్టు అక్టోబరు రెండో వారానికి తీసుకుంటే సరిపోతుంది.