పదిహేను శాతమా, ఇరవై శాతమా: బాలనటుల సంపాదనకు రెండు రక్షణలు

తిరుపతి కొర్లగుంటలో మా పక్కింటి పాపకు హైదరాబాదులో సీరియల్ అవకాశం వచ్చిన నాటి నుంచి నాకు గ్యారీ కోల్‌మన్ గుర్తుకు వస్తున్నాడు. 1978లో మొదలైన అమెరికా టీవీ ధారావాహికతో పదేళ్లకే ఇంటింటికీ తెలిసిన ఆ బాలుడు, పెద్దయ్యాక తన సంపాదన కోసం 1989లో పెంచిన తల్లిదండ్రుల మీదే దావా వేసి, 1993లో దాదాపు 12.8 లక్షల డాలర్లకు తీర్పు పొంది కూడా, సెక్యూరిటీ గార్డుగా పనిచేశాడు, 1999లో దివాలా పిటిషన్ వేశాడు, 42 ఏళ్లకే కన్నుమూశాడు.

కాలిఫోర్నియాలో 2000 నుంచి స్థూల ఆదాయంలో 15 శాతాన్ని పని ఇచ్చినవారే బిడ్డ ట్రస్టు ఖాతాలో వేయాలి. మన దేశపు 2017 నియమాలు కనీసం 20 శాతాన్ని జాతీయం చేసిన బ్యాంకులో బిడ్డ పేర ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయమంటాయి. అంతేకాక, రోజుకు ఐదు గంటలకు మించి, విశ్రాంతి లేకుండా మూడు గంటలకు మించి పని చేయించకూడదంటాయి. నా మనసు మన నియమం వైపే మొగ్గుతుంది. ఎందుకంటే పుట్టుకతోనే మూత్రపిండాల జబ్బున్న కోల్‌మన్ వంటి పిల్లవాడికి విశ్రాంతి డబ్బుకన్నా ముఖ్యం.

అయితే రెండు చోట్లా మిగిలిన సింహభాగం పెద్దల చేతిలోనే ఉంటుంది. మొన్న పాప నాన్నగారు నాలుగు మూలలా పసుపు పెట్టిన డిపాజిట్ బాండు చూపించారు. పైన పాప పేరు, దాని కింద గార్డియన్‌గా ఆయన పేరు ఉన్నాయి.