వియన్నాలో 118 యూరోల మోసం, 30 యూరోల బాలే

నెల్లూరు పురమందిరంలో పాతికేళ్లుగా అరంగేట్రాలకు ఫొటోలు తీస్తున్నవాణ్ణి కనుక, జర్మనీలో చదువుతున్న మా అమ్మాయిని చూసి అటునుంచి ఆస్ట్రియా రాజధాని వియన్నా వెళ్లినప్పుడు, అక్కడి పెద్ద సంగీత నాటకశాల స్టేట్ ఒపెరాలో ఒక బాలే (మునివేళ్ల మీద ఆడే పాశ్చాత్య నృత్యనాటకం) చూడాలని, వీలైతే నాలుగు ఫొటోలు తీసుకోవాలని ఇంటి దగ్గరే అనుకున్నాను. ఆ ఆత్రమే మొదటి రోజున మా కొంప ముంచింది.

ఒపెరా భవనం ముందు పద్దెనిమిదో శతాబ్దపు సంగీతకారుడు మొజార్ట్ కాలపు విగ్గులు, ఎర్ర కోట్లు వేసుకున్న యువకులు అట్టలు చేతబట్టుకుని తిరుగుతూ ఉంటారు. వారిలో ఒకతను మమ్మల్ని ఆపి, ఆ రాత్రి సంగీతంతో పాటు బాలే కూడా ఉందని చెప్పాడు. భవనం వైపు చెయ్యి చూపిస్తూనే మాట్లాడాడు గాని, ప్రదర్శన అందులోనే అని ఒక్కసారి కూడా అనలేదన్న సంగతి నాకు తరువాత గాని తట్టలేదు. టికెట్టు ఒకటి 59 యూరోలు. ఇద్దరికి 118, అంటే అప్పటి యూరో తొంభై రూపాయల లెక్కన 10,620 రూపాయలు. రొట్టెల పండుగ అంగళ్లలో గాజుల దగ్గర పది రూపాయలకు బేరమాడే నా భార్య, "లోపల కౌంటరు ఉంటుంది కదండీ, అక్కడ అడుగుదాం" అని రెండుసార్లు చెప్పింది; నేను వినలేదు.

తీరా చూస్తే ఆ వేదిక ఇరవై నిమిషాల నడక దూరంలో, ఒక పాత భవనం మొదటి అంతస్తులో ఉంది. మడత కుర్చీలు, ఆరుగురు వాద్యకారులు, నాట్యపు బాణీలైన రెండు వాల్ట్జ్‌లకు ఒక జంట చేసిన నృత్యం. నా గడియారం ప్రకారం బాలే మొత్తం పది నిమిషాలు. వేదిక నేలకు జానెడు ఎత్తు కూడా లేదు. బాలేలో చూడవలసినవి పాదాలు కాగా, తొమ్మిదో వరుసలో ఉన్న మాకు కనిపించినవి ముందువారి తలలు. కెమెరా ఎత్తగానే వద్దని వారించిన మనిషే, విరామంలో విగ్గువాళ్లతో ఫొటో దిగితే పది యూరోలని చెప్పాడు. డబ్బు వెనక్కి ఇవ్వమని అడిగితే, టికెట్టు మీద చిన్న అక్షరాలలో ఉన్న చిరునామా చూపించి తల తిప్పుకున్నారు. నా భార్య ఆ రాత్రి గదిలో గోంగూర పచ్చడితో రెండు ముద్దలు తిని పడుకున్నది. మరునాడు మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలేదు.

రెండో రోజు షోన్‌బ్రున్ రాజభవనం చూశాము, బాగుంది. రోజుకు 84 యూరోల మా గదికి, 24 గంటలకు అప్పట్లో 8 యూరోలున్న ట్రామ్ టికెట్టుకు వంక పెట్టలేను.

మూడవ రోజు బుద్ధి తెచ్చుకుని ఒపెరా వారి సొంత కౌంటరుకే వెళ్లాము. అక్కడ నిలబడి చూసేవారికి ప్రదర్శన నాడే అమ్మే టికెట్లు ఉంటాయి. మాకు ఒక్కొక్కటి 15 యూరోలకు దొరికింది. లోపలికి వెళ్లగానే, ముందున్నవారు చోటు కోసం ఇనుప కమ్మీకి స్కార్ఫులు కట్టడం చూసి, కిటికీలోంచి తుండుగుడ్డ వేసి ఆర్టీసీ బస్సులో సీటు ఆపుకున్న మనకు ఇదేమీ కొత్త కాదని నా భార్య నవ్వుతూ తన చున్నీ కట్టింది. నేలమట్టపు నిలబడే చోటు ప్రేక్షకుల కుర్చీల వెనుక, వేదికకు సూటిగా ఉంటుంది. గోడ పక్కన చోటు కంటే మధ్యలో మూడో వరుస మేలు.

ఆనాటి ప్రదర్శన చైకోవ్‌స్కీ స్వరపరచిన స్వాన్ లేక్ (మంత్రంతో హంసగా మారిన రాకుమారి, ఆమెను ప్రేమించిన రాకుమారుడి కథ), ప్రసిద్ధ బాలే నర్తకుడు నురేయెవ్ 1964లో ఈ వేదిక కోసమే కూర్చిన రూపం. ఆ ఏడాది ఇక్కడే బాలే నర్తకి మార్గో ఫాంటెయిన్‌తో ఆయన నర్తించినప్పుడు చప్పట్లకు బదులుగా తెర 89 సార్లు లేచిందని చెబుతారు. మూడో అంకంలో, రాకుమారి రూపంలో వచ్చి రాకుమారుణ్ణి మోసగించే నల్ల హంస ఒంటికాలి మునివేళ్ల మీద వరుసగా గిరగిర తిరిగే ఘట్టంలో నా చెయ్యి దానంతటదే జేబులోని చిన్న కెమెరా మీదికి పోయింది. ప్రదర్శన సాగుతుండగా ఫొటో నిషేధం. మొదట విసుగనిపించింది గాని, అభినయం నడుమ నా ఫ్లాష్‌కు కళ్లు చికిలించిన మన ఊరి పిల్లలు గుర్తుకు వచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. చివరి అంకంలో పొంగే సరస్సులో రాకుమారుడు మునిగిపోయే వేళ నా భార్య కమ్మీని గట్టిగా పట్టుకున్నది.

తెర పడ్డాక కళాకారులు వందనానికి వచ్చినప్పుడు చుట్టూ అందరూ ఫోన్లు తీశారు, ఎవరూ అడ్డుచెప్పలేదు. దొరికేది ఆ నాలుగు నిమిషాలే. నల్లని తెర ముందు తెల్లని దుస్తులు కావడంతో కెమెరాను దాని లెక్కకు వదిలేస్తే హంసలన్నీ సున్నపు ముద్దలవుతాయి; అందుకని ఎక్స్‌పోజరు (కెమెరాలోకి తీసుకునే వెలుతురు) ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించి, ఫ్లాష్ ఆపి, సెకనులో 200వ వంతు వేగంతో తీయాలి. వెళ్లేవారికి మరొక మాట: జూలై, ఆగస్టులలో ఈ ఒపెరా వారి ప్రదర్శనలు ఉండవు, విగ్గువాళ్లకు మాత్రం సెలవు లేదు.

నలభై ఒక్క ఫొటోలలో మూడు నిలిచాయి. వాటిలో ఒకటి, ఆయాసం తీరకముందే గుండెల మీద చెయ్యి ఉంచి వంగిన తెల్ల హంసది, పన్నెండు పద్దెనిమిది అంగుళాల సైజులో వేయించి స్టూడియోలో తగిలించాను. అరంగేట్రం ఆల్బం మాట్లాడుకోవడానికి వచ్చిన ఒక తల్లి దానిని చాలాసేపు చూసి, "ఈ పాప ఎవరి దగ్గర నేర్చుకుందండీ?" అని అడిగింది.