సెంట్‌ఓఎస్ పోయాక ఏది మేలు: ఆల్మానా, రాకీనా?

సర్వర్లలో ఉచితంగా వాడుకునే లినక్స్ సిస్టమ్ సెంట్‌ఓఎస్ 7కి 2024 జూన్ 30తో నూకలు చెల్లాయి. అయినా దాని మీదే బిల్లింగ్, బ్యాకప్, మెయిల్ నడుపుతున్న సర్వర్లు ఇంకా ఉన్నాయి. వాటిని చూసుకునేవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: ఆల్మాలినక్స్‌కు మారాలా, రాకీ లినక్స్‌కు మారాలా? నన్నడిగితే చాలామందికి ఆల్మానే మేలు. ఒక్క సందర్భంలో మాత్రం రాకీయే సరైనది, అదీ చెబుతాను.

ఈ తిప్పలు మొదలైంది 2020 డిసెంబర్ 8న. 2029 దాకా ఉంటుందని అందరూ నమ్ముకున్న సెంట్‌ఓఎస్ 8ని 2021 డిసెంబర్ 31తోనే ఆపేస్తామని దాన్ని నడిపే రెడ్ హ్యాట్ కంపెనీ ఆ రోజు ప్రకటించింది. దాని బదులు సెంట్‌ఓఎస్ స్ట్రీమ్ వాడుకోమంది. రెడ్ హ్యాట్ డబ్బుకు అమ్మే లినక్స్ పేరు రెల్ (రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్). అది విడుదలయ్యాక దాని వెనకాల, అదే కోడ్‌తో ఉచితంగా వచ్చేది సెంట్‌ఓఎస్. స్ట్రీమ్ అలా కాదు, రెల్‌లోకి రాబోయే మార్పులు ముందు అందులోకి వస్తాయి. ప్రొడక్షన్ సర్వర్‌కు ఈ తేడా చిన్నదేం కాదు. గడువు దాటిన కొన్నాళ్లకు ప్యాకేజీలు దించే డీఎన్ఎఫ్ కమాండ్‌తో అప్‌డేట్ కొడితే 'మిర్రర్‌లిస్ట్‌లో యూఆర్ఎల్స్ లేవు' అని ఒక ఎర్రర్ లైన్ వచ్చేది. ప్యాకేజీలన్నీ వాల్ట్ అనే పాత సామాన్ల గదిలోకి పోయాయి. అర్ధరాత్రి మెయింటెనెన్స్ విండోలో ఆ లైన్ చూసినప్పటి టెన్షన్ నాకు ఇంకా గుర్తుంది.

ఆ ఖాళీలోకి, రెల్‌కు ఉచిత నకళ్లుగా వచ్చినవే ఈ రెండూ. క్లౌడ్‌లినక్స్ కంపెనీ మొదలుపెట్టిన ఆల్మా 2021 మార్చిలో, సెంట్‌ఓఎస్ స్థాపకుల్లో ఒకరైన గ్రెగరీ కర్ట్జర్ మొదలుపెట్టిన రాకీ అదే ఏడాది జూన్‌లో వచ్చాయి. కన్నుమూసిన తన సహ స్థాపకుడు రాకీ మెక్‌గా పేరే కర్ట్జర్ దానికి పెట్టాడు. మొదటి రెండేళ్లూ రెండింటికీ తేడా లోగోలోనే ఉండేది.

2023 జూన్ 21న దారులు చీలాయి. రెల్ సోర్స్ కోడ్‌ను ఇకపై కస్టమర్లకే ఇస్తామని, బయటివాళ్లకు స్ట్రీమ్ సోర్స్ ఒక్కటే దొరుకుతుందని రెడ్ హ్యాట్ తేల్చేసింది. రాకీ వాళ్లు పట్టు వదల్లేదు. రెల్ భాగాలతో రెడ్ హ్యాట్ అందరికీ ఇచ్చే యూబీఐ కంటైనర్ ఇమేజ్‌ల నుంచి, గంటల లెక్కన అద్దెకు తీసుకునే క్లౌడ్ సర్వర్ల నుంచి సోర్స్ తెచ్చుకుంటామన్నారు. రెల్‌లో ఉన్న బగ్ తమ దాంట్లోనూ అలాగే ఉండాలి, అదే వాళ్ల మాట. ఆల్మా వాళ్లు ఆ మాటే వదిలేశారు. రెల్ మీద నడిచే ప్రోగ్రామ్ మా మీదా నడిస్తే చాలు, లోపల బగ్‌తో సహా అచ్చుగుద్దినట్టు ఉండక్కర్లేదన్నారు.

అప్పట్లో ఆల్మా వెనక్కి తగ్గిందని చాలామంది అనుకున్నారు, నేనూ అలాగే అనుకున్నాను. ఐపెర్ఫ్3 సంగతి చూశాక అభిప్రాయం మార్చుకున్నాను. నెట్‌వర్క్ వేగం కొలిచే ఆ చిన్న టూల్‌లో ఒక సెక్యూరిటీ లోపం బయటపడింది. ఆల్మా వాళ్లు దాన్ని తమ దగ్గర సరిచేసి, అదే ప్యాచ్‌ను సెంట్‌ఓఎస్ స్ట్రీమ్‌కు పంపారు. ప్రస్తుతానికి దాన్ని సరిచేసే ఆలోచన లేదని రెడ్ హ్యాట్ నుంచి మొదట జవాబొచ్చింది. తర్వాత పెద్ద చర్చ జరిగి ప్యాచ్ లోపలికి వెళ్లింది. బగ్‌తో సహా పోలి ఉండాలని మాటిచ్చిన డిస్ట్రో (లినక్స్ రకం), రెల్‌లో ఆ రిపేర్ వచ్చేదాకా ఆగాలి. ఆల్మాకు ఆ అవసరం లేదు. సర్వర్ ఇంటర్నెట్ వైపు తెరిచి ఉన్నవాళ్లకు ఇది మాటల్లో చెప్పలేనంత ఊరట.

ఇక రాకీయే సరైన సందర్భం. నేను చూసుకున్న ఒక సర్వర్‌లో బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. దాని కంపెనీ సపోర్ట్‌కు ఫోన్ చేస్తే ముందు ఈటీసీ డైరెక్టరీలో, డిస్ట్రో పేరు రాసి ఉండే రెడ్‌హ్యాట్-రిలీజ్ ఫైల్‌లో ఏముందో చదవమన్నారు. చదివాను. వాళ్ల జాబితాలో ఆ పేరు లేదు. సమస్య వినకుండానే టికెట్ మూసేశారు. మీరు కొన్న సాఫ్ట్‌వేర్ జాబితాలో రాకీ ఉండి ఆల్మా లేకపోతే ఇంకేం ఆలోచించకండి, రాకీ వేయండి. రెల్‌లో కనిపించిన తప్పును ఇక్కడా అలాగే రప్పించి చూపాల్సిన టెస్టింగ్ టీమ్‌లకూ అదే నయం.

యాజమాన్యం సంగతీ చూడాలి, ఎందుకంటే సెంట్‌ఓఎస్ వాళ్లను ముంచింది అదే. ఆల్మా వెనక ఉన్నది సభ్యులు బోర్డును ఎన్నుకునే లాభాపేక్ష లేని ఫౌండేషన్. రాకీ వెనక ఉన్నది కర్ట్జర్ స్థాపించిన పబ్లిక్ బెనిఫిట్ కార్పొరేషన్, అంటే ప్రజాహితం కూడా లక్ష్యంగా పెట్టుకున్న కంపెనీ. ఆయన మీద నాకు అనుమానం లేదు, కానీ ఒక మనిషి మీద ఆధారపడని ఏర్పాటు నాకు నచ్చుతుంది. 2022 డిసెంబర్‌లో భౌతికశాస్త్ర పరిశోధనా సంస్థలు సెర్న్, ఫెర్మీల్యాబ్ కలిసి ఆల్మానే ఎంచుకున్నాయి.

పాత హార్డ్‌వేర్ ఉన్నవాళ్లకు ఇంకో తేడా ఉంది. రెల్ 10కి ఎక్స్86-64-వీ3 స్థాయి ప్రాసెసర్ కావాలి, అంటే ఏవీఎక్స్2 లాంటి కొత్త ఆదేశాలు తెలిసినది. 2014లో వచ్చిన ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ జియాన్ ఈ5 వీ3 కంటే పాత ఈ5 సర్వర్ల మీద అది ఎక్కదు. రాకీ 10 కూడా అంతే. ఆల్మా 10 మాత్రం అంతకు ముందు స్థాయి వీ2 ప్రాసెసర్ల కోసం వేరే బిల్డ్ ఇస్తోంది, వాటికోసం ఎపెల్ అనే అదనపు ప్యాకేజీలు కూడా సొంతంగా కట్టి పెడుతోంది. పనిచేస్తున్న పెట్టెలను తుక్కులో వేయకుండా కాపాడే పని ఇది. దీనికి వాళ్లకు దండం పెట్టాలి.

మరి రెల్‌నే వాడితే? 16 సిస్టమ్‌ల వరకు డెవలపర్ సబ్‌స్క్రిప్షన్ ఉచితమే, అది వ్యక్తి పేరు మీద ఇస్తారు. ఫోన్ ఎత్తి అడిగే హక్కు కావాలంటే డబ్బు కట్టి రెల్ తీసుకోవడమే మర్యాద. ఇంకో లినక్స్ డెబియన్ ఎవరి సొత్తూ కాదు, నాకు ఇష్టం కూడా. కానీ ఎల్‌టీఎస్ అనే పొడిగించిన సపోర్ట్‌తో కలిపి దాని ఆయుష్షు ఐదేళ్లు, ఇక్కడ పదేళ్లు. రెల్ తరహా ఆర్‌పీఎం ప్యాకేజీలు అలవాటున్న టీమ్ స్క్రిప్టులన్నీ తిరగరాసుకోవాలి.

సెంట్‌ఓఎస్ 7 నుంచి మారేవాళ్లకు ఆల్మా వాళ్ల ఎలివేట్ టూల్ ఉంది. 7 నుంచి 8కి, అక్కడి నుంచి 9కి మెట్టు మెట్టుగా ఎక్కిస్తుంది. ముందు ప్రీఅప్‌గ్రేడ్ రిపోర్ట్ తీసి, ఎర్రగా చూపినవన్నీ సరిచేశాకే ముందుకెళ్లండి. 10 దాకా వెళ్లే ఆలోచన ఉంటే ఎల్ఎస్‌సీపీయూ కమాండ్ కొట్టి ఫ్లాగ్స్ వరుసలో ఏవీఎక్స్2 ఉందో లేదో చూడండి. అది కనిపించకపోతే ఈ రెండింట్లో మీకు మిగిలేది ఆల్మా వీ2 బిల్డే.