ముడతలు పోయాయి, స్క్రూ మీద కన్ను మాత్రం ఉంచాలి: వాకింగ్ ఫుట్‌తో కొన్నేళ్లు

మిషన్ మీద బొంత కుట్టడం పూర్తయ్యాక నేను ముందు చూసేది అస్తరు వైపే. పైన ముక్కల పని ఎంత చక్కగా కుదిరినా, అడుగున ఒక్క చోట గుడ్డ మడతపడి కుట్టులో ఇరుక్కుందంటే ఇక ఆ బొంత మీద నాకు మనసు నిలవదు. విప్పితే సూది రంధ్రాలు కనిపిస్తాయి, విప్పకపోతే మడత కనిపిస్తుంది. పొరలన్నిటినీ కలిపి నడిపించే వాకింగ్ ఫుట్‌ను, అంటే సూది పక్కన గుడ్డను నొక్కిపట్టే పాదానికి బదులు తగిలించే పరికరాన్ని, మిషన్‌కు బిగించినప్పటి నుంచి ఆ బాధ దాదాపు తీరిపోయింది. గోడకు వేలాడదీసే చిన్న బొంతల నుంచి మంచం నిండా పరిచే పెద్ద బొంతల దాకా కొన్నేళ్లుగా దీనితోనే కుడుతున్నాను. నా కుట్టు సామానులో మిషన్ కాక ఇంకొక్కటి మాత్రమే ఉంచుకోమంటే దీన్నే ఉంచుకుంటాను.

ఇంత ఇష్టం ఎందుకంటే, మామూలు ఫుట్ కింద పై గుడ్డ, బ్యాటింగ్ (మధ్యలో పరిచే దూది పొర), అస్తరు మూడూ ఒకే తీరున కదలవు. మిషన్ అడుగున గుడ్డను జరిపే కింది పళ్లు అస్తరును వెనక్కి లాగుతుంటాయి. పైనున్న ఫుట్ నున్నటి అడుగుతో పై గుడ్డను నొక్కి ఆపుతుంటుంది. ఒక్కో కుట్టుకు వచ్చే తేడా వెంట్రుకవాసే. కానీ ఒక జానెడు కుట్టేసరికి ఫుట్ ముందు చిన్న అల లేస్తుంది. అడ్డంగా ఉన్న ఇంకో కుట్టు వరుస దాకా ఆ అల జరుగుతూ పోయి, అక్కడ దారి లేక మడతై కూర్చుంటుంది. వాకింగ్ ఫుట్‌కు సొంత పళ్లుంటాయి. దాని పక్కన కొమ్మలా పొడుచుకొచ్చే కడ్డీ (దాన్ని కొమ్మ అనే అంటాను), సూదిని బిగించే స్క్రూ మీద ఆని ఉండి, సూదితో పాటే లేస్తూ దిగుతూ ఉంటుంది. సూది గుడ్డలోంచి బయటికి రాగానే పై పళ్లు గుడ్డ మీదికి దిగి, కింది పళ్లతో కలిసి వెనక్కి నడుస్తాయి. సూది మళ్లీ గుచ్చుకునే వేళకు లేచి ముందుకు వచ్చేస్తాయి. మూడు పొరలూ కలిసి అడుగు వేస్తాయి. మిషన్‌ను చేత్తో చక్రం తిప్పి నెమ్మదిగా నడిపిస్తే ఇదంతా కంటికి కనిపిస్తుంది. కొత్తగా కొన్నవారు ఒక్కసారైనా అలా తిప్పి చూడాలని నా కోరిక.

నా చేతికి ఏది వస్తుందో, ఏది రాదో చెప్పకపోతే ఈ మెచ్చుకోలుకు విలువ లేదు. నాకు ఓపిక ఎక్కువ. అంగుళం ఎడంతో గీత పక్కన గీత గంటల తరబడి కుట్టగలను, చివరి గీత కూడా మొదటి గీతంత తిన్నగా వస్తుంది. ముక్కల అతుకు వెంబడే, కుట్టు కనిపించకుండా సూదిని నడపడం కూడా నాకు బాగా వచ్చిన పని. ఫ్రీ మోషన్ దగ్గరకు వచ్చేసరికి నా బలహీనత బయటపడుతుంది. అందులో కింది పళ్లను దించేస్తాం కాబట్టి గుడ్డను కదిపేది మన రెండు చేతులే. చేతి వేగం, పెడల్ మీద కాలి వేగం ఎలా కలిస్తే కుట్టు పొడవు అలా వస్తుంది. నా కాలు ఒకే వేగంతో ఉంటుంది. చేయి మాత్రం మలుపు రాగానే తొందరపడుతుంది. అప్పుడు అడుగున బాబిన్ దారం బిగుసుకుని తిన్నగా నిలిచిపోతుంది, పై దారం దాని మీదుగా చిన్న చిన్న ఉచ్చులుగా, కనురెప్ప వెంట్రుకల్లా బయటికి వస్తుంది. మెలికలు తిరిగే వంపులు పెద్దవిగా వేస్తే చూడటానికి బాగానే ఉంటాయి. ఈకల నమూనాలో మాత్రం ఎడమ వైపు ఈకలు, కుడి వైపు ఈకలు ఒకే చేతి పనిలా అనిపించవు. సాధన చేసే కొద్దీ కొంత మెరుగైంది, కానీ తిన్నని గీతలో నాకున్న నమ్మకం అక్కడ ఇంకా లేదు.

అందుకే, గీతలు ఎవరైనా కుట్టేస్తారు, ఫ్రీ మోషన్ వస్తేనే క్విల్టింగ్ (పొరలు కలిపి బొంత కుట్టడం) వచ్చినట్టు అనే మాట నాకు నచ్చదు. ఒకప్పుడు మొత్తం మిషన్ పనినే ఇలా తీసిపారేసేవారు, చేతి కుట్టే కుట్టు అనేవారు. 1989లో అమెరికాలోని పడూకాలో అమెరికన్ క్విల్టర్స్ సొసైటీ ప్రదర్శనలో కారిల్ బ్రయర్ ఫాలర్ట్ మిషన్ మీద క్విల్టింగ్ చేసిన బొంతకు అగ్ర బహుమతి దక్కింది. ఆ ప్రదర్శనలో మిషన్ పనికి ఆ గౌరవం రావడం అదే మొదలు. ఆ గోడ కూలి ఇన్నేళ్లయ్యాక మిషన్ వాడేవాళ్లమే మనలో మనం ఇంకో గోడ కట్టుకోవడం ఏం న్యాయం? వంపుల్లో ఒక మెలిక అటూ ఇటూ అయినా కన్ను దాటిపోతుంది. వరుసగా తిన్నని గీతలున్న చోట ఒక గీత రవ్వంత వంగినా గది అవతలి నుంచే తెలిసిపోతుంది. అందుకని గీతల పని తేలికని నేను ఒప్పుకోను.

ఇక నాకు ఈ ఫుట్‌తో ఎదురైన పెద్ద కష్టం. మంచం బొంత ఒకటి కుడుతున్నాను. మధ్య గీత నుంచి ఒక వైపు సగం దాకా వచ్చాను. వాకింగ్ ఫుట్ ఎప్పుడూ టకటకమంటూనే ఉంటుంది, కొన్నాళ్లకు చెవి దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. ఆ టకటకలో ఇనుము ఇనుముకు రాసుకున్నట్టు ఇంకో చప్పుడు కలిసింది. పెడల్ మీద నుంచి కాలు తీసేలోపే ఠంగుమని సూది విరిగింది. చూస్తే సూదిని బిగించే స్క్రూ వదులై ఉంది. సూది కిందికి జారి, అడుగున తిరిగే హుక్‌కు తగిలింది. పై ముక్క ఊడి సూది కిందుండే లోహపు పళ్లెం మీద పడింది, నడిమి ముక్క దారానికి వేలాడుతోంది. గోరంత మొన మాత్రం ఎక్కడా లేదు.

మిషన్‌లోనే పడి ఉంటే బాధ లేదు. పళ్లెం విప్పి, బాబిన్ పెట్టె తీసి, లోపలి పీచు మొత్తం బ్రష్‌తో దులిపి తెల్ల కాగితం మీద వెతికాను. దొరకలేదు. అంటే పొరల మధ్య ఉన్నట్టే. ఒకరు ఒంటి మీద కప్పుకునే బొంతలో సూది మొన ఉందని తెలిశాక దాన్ని వదిలేయడం కుదరదు. అయస్కాంతం తెచ్చి జరిపాను. పొరలు కదలకుండా బొంత నిండా పిన్నీసులు గుచ్చి ఉన్నాయి కదా, అయస్కాంతం ప్రతి పిన్నీసుకూ అతుక్కుంటోంది. అది పిన్నీసును లాగుతోందో మొనను లాగుతోందో తెలిసే దారి లేదు. చివరికి ఆ మేర పిన్నీసులన్నీ తీసేసి, వాటి బదులు చేత్తో కచ్చా కుట్లు వేసి, అప్పుడు మళ్లీ అయస్కాంతం జరిపాను. కుట్టు గీతకు రెండు వేళ్ల దూరంలో పై గుడ్డ సన్నగా, ఒక బిందువంత మేర పైకి లేచింది. గీతలో కొన్ని కుట్లు విప్పి, వేలితో కింది నుంచి నెట్టుకుంటూ మొనను అతుకు దాకా తెచ్చి, అతుకు కాస్త తెరిచి పట్టకారుతో బయటికి తీశాను. మొన చేతిలోకి వచ్చాక గానీ ఊపిరి ఆడలేదు.

కథ అక్కడితో అయిపోలేదు. కొత్త సూది ఎక్కించాక పై దారం కొద్ది దూరానికే పీచుపీచుగా చీలిపోవడం మొదలైంది. టెన్షన్ మార్చాను, దారం మార్చాను, ఫలితం లేదు. మిషన్ బాగుచేసే ఆయన హుక్ అంచు మీద గోరు పెట్టి జరిపి చూపించారు. సూది తగిలిన చోట సన్నని గరుకు ఏర్పడింది. ప్రతి కుట్టుకూ దారం దాని మీదుగా పోతోంది. ఆ అంచును నునుపు చేశాక గానీ దారం నిలబడలేదు. స్క్రూ వదులు కావడానికి కారణం కూడా ఆయనే చెప్పారు. కొమ్మ ఆనేది ఆ స్క్రూ మీదే కదా, కుట్టే ప్రతిసారీ దాన్ని తడుతూనే ఉంటుంది. నిమిషానికి కొన్ని వందల దెబ్బలు పడితే వేళ్లతో బిగించిన స్క్రూ ఎంతసేపు ఆగుతుంది? ఫుట్‌తో పాటు డబ్బాలో వచ్చిన కాగితంలో దాన్ని ఎలా తగిలించాలో బొమ్మలతో సహా ఉంది, ఈ ఒక్క మాట మాత్రం లేదు. నాకు కోపం వచ్చింది అందుకే. ఇప్పుడు స్క్రూను స్క్రూడ్రైవర్‌తోనే బిగిస్తాను, బాబిన్ మార్చిన ప్రతిసారీ మళ్లీ చూస్తాను. వేగం కూడా మధ్యస్థం దాటనివ్వను. అప్పటి నుంచి సూది జారలేదు.

ముడతలు పోయాయని మొదట అన్నాను. ఆ మాట నిజమే, అయితే ఫుట్ ఒక్కదానివల్లే పోలేదు. అస్తరును నేల మీద బిర్రుగా, కానీ సాగదీయకుండా పరిచి, అరచేయి వెడల్పుకు ఒక పిన్నీసు చొప్పున గుచ్చినప్పుడే ఈ ఫుట్ పూర్తి ఫలితం ఇస్తుంది. పిన్నీసులు పలచబడిన చోట, ముఖ్యంగా గీతలు ఒకదాన్నొకటి దాటే గళ్ల నమూనాలో, నాకు ఇప్పటికీ అక్కడక్కడా చిన్న ముడత కనిపిస్తుంది. ఒక గీత పై నుంచి కిందికి, పక్క గీత కింది నుంచి పైకి కుడితే రెండింటి మధ్య గుడ్డ ఏటవాలుగా లాక్కుపోతుంది, దాన్ని ఈ ఫుట్ ఆపలేదు. అందుకే గీతలన్నీ ఒకే వైపు నుంచి మొదలుపెడతాను, ముందు మధ్య గీత వేసి తర్వాత అంచుల వైపు వెళతాను. బొంత బరువు బల్ల అంచు నుంచి కిందికి వేలాడితే కుట్లు పొట్టివైపోతాయి. తగిలించుకునే వాకింగ్ ఫుట్‌లో పై పళ్లకు సొంత బలం లేదు, నడిపించేది కింది పళ్లే. కాబట్టి బరువంతా బల్ల మీద ఆనేలా, ఎడమ వైపు ఇంకో బల్ల వేసుకోక తప్పదు.

మిగతా లోపాలు నాకు అంత పెద్దవిగా అనిపించవు. చూపుకు అడ్డం నిలిచేంత లావు ఫుట్ కాబట్టి సూది మొన సరిగా కనిపించదు, ముందు భాగం తెరిచి ఉన్న రకం తీసుకుంటే కొంత నయం. నా దానితో వెనక్కి కుట్టడం కుదరదు, కాబట్టి మొదలూ చివరా చాలా పొట్టి కుట్లు వేసి ఆపుతాను, లేదా దారం కొసలు వదిలి తర్వాత చేతి సూదితో పొరల మధ్యకు దూర్చేస్తాను. నేను మొదట వాడిన ఫుట్‌కు కొమ్మ ప్లాస్టిక్‌ది, స్క్రూ తగిలే చోట అరిగి గాడిపడింది. ఆ తర్వాత పై పళ్లు పూర్తిగా లేవడం మానేశాయి. ఇప్పుడున్నది లోహపు కొమ్మ. సూది 90/14, దారం 50 నంబరు నూలు, కుట్టు పొడవు 3 మిల్లీమీటర్లు, నా పనికి ఈ మూడూ స్థిరపడిపోయాయి.

అనుకోని ఆనందం ఒకటి దొరికింది, సుడి నమూనా. వాకింగ్ ఫుట్ అంటే తిన్నని గీతలకే అని చాలాకాలం అనుకునేదాన్ని. మెల్లని వంపులు కూడా ఇది చక్కగా వేస్తుందని చేసి చూశాకే తెలిసింది. మధ్యలోని మొదటి ఒకటి రెండు చుట్లు మరీ బిగుతు కాబట్టి ఫ్రీ మోషన్‌తోనే వేయాలి, అక్కడ నా చేయి ఎంత వణికినా అది నాణెమంత చోటే. ఆ తర్వాత ఫుట్‌తో వచ్చే గైడ్ కడ్డీని ముందు చుట్టు మీద ఆనించి తిప్పుకుంటూ పోతే గీతకు గీతకు మధ్య ఎడం తప్పదు. చుట్టు పెద్దదయ్యే కొద్దీ వంపు సడలి, పని ఇంకా హాయిగా సాగుతుంది. గీతల మీద పట్టున్నా వంపులంటే భయపడే నాలాంటివారికి ఇంతకు మించిన దారి నాకు కనిపించలేదు. కాకపోతే మొదటి చుట్లలో బొంత మొత్తాన్ని మిషన్ మెడ కింద గుండ్రంగా తిప్పాలి. నా మిషన్‌లో సూదికి, మెడకు మధ్య ఖాళీ ఏడు అంగుళాలే. మంచం బొంత మీద సుడి వేసిన మర్నాడు భుజాలు పట్టేశాయి, ఆ తర్వాత సుడిని చిన్న బొంతలకే ఉంచుకున్నాను.

కాబట్టి కొనమని అందరికీ చెప్పగలనా అంటే, ఎవరు ఏం కుడతారో తెలిస్తే చెప్పగలను. బొమ్మలు గీసే చేయి ఉండి, ఈకలూ పూలూ తీగలూ కుట్టాలని ఉన్నవారికి ఇది సగం పనే చేస్తుంది, వారి డబ్బూ సాధనా ఫ్రీ మోషన్ మీద పెట్టడమే మేలు. గీతలు, గళ్లు, అతుకు పక్క కుట్లు, బొంత చుట్టూ అంచు పట్టీ వేయడం, ఇవే ఎక్కువగా చేసేవారికి మాత్రం ధైర్యంగా చెబుతాను. మిషన్ షాంక్ (ఫుట్‌ను తగిలించే కాడ) పొట్టిదో పొడవుదో చూసుకుని దానికి సరిపోయే ఫుట్ తీసుకోవాలి, సరిపోనిది తగిలిస్తే ఫుట్ సరైన ఎత్తులో కూర్చోదు. పై పళ్ల ఏర్పాటు మిషన్ వెనక నుంచి ముందే అమర్చి వచ్చే రకాలూ ఉన్నాయి. వాటిలో కొమ్మ స్క్రూ మీద కొట్టుకునే బాధ ఉండదు. కొత్త మిషన్ కొనే ఆలోచనలో ఉన్నవారు అటు చూడటం మంచిది. నా పాత మిషన్ ఇంకా బాగా నడుస్తోంది, ఏడాదికి నేను కుట్టే పెద్ద బొంతలు కూడా తక్కువే, అందుకే నేను దీనితోనే ఉన్నాను.