న్యూయార్క్ సబ్‌వే, కాలినడక: కొత్తగా వచ్చేవాళ్ల కోసం ఒక సమీక్ష

హైదరాబాద్ మెట్రోకి అలవాటుపడ్డవాళ్లకు న్యూయార్క్ సబ్‌వే చూడగానే నచ్చదు. 1904లో మొదలైన వ్యవస్థ కాబట్టి చాలా స్టేషన్లు ఇరుకుగా, పాతగా ఉంటాయి. వేసవిలో ప్లాట్‌ఫాం మీద విపరీతమైన ఉక్కపోత. పట్టాల మధ్య ఎలుకలు తిరుగుతుంటాయి. అయినా ఆ ఊళ్లో తిరగడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. 472 స్టేషన్లు, రాత్రింబవళ్లు నడిచే రైళ్లు, ఎంత దూరం వెళ్లినా ఒకటే ఛార్జీ. న్యూజెర్సీ నుంచి కారులో వచ్చేవాళ్లకు ఊరి నడిబొడ్డైన మన్‌హాటన్‌లో 60వ వీధి దిగువన అదనపు రుసుము, ఆపైన పార్కింగ్ వెతుకులాట. కారు అటువైపే వదిలేసి రావడం అన్ని విధాలా మేలు.

ఇక్కడ దారి తప్పేవాళ్లలో ఎక్కువమంది తప్పేది రైల్లో కాదు, వీధిలో మెట్ల దగ్గరే. మన్‌హాటన్‌లో చాలా చిన్న స్టేషన్లకు అప్‌టౌన్ (ఉత్తరం) వైపు మెట్లు వేరు, డౌన్‌టౌన్ (దక్షిణం) వైపు మెట్లు వేరు. లోపల ఒకవైపు నుంచి ఇంకోవైపుకి దారి ఉండదు. ఉదాహరణకు, మన దక్షిణాది హోటళ్లున్న లెక్సింగ్టన్ అవెన్యూకి దగ్గర్లోని 28వ వీధి స్టేషన్. 6వ నంబరు రైలు ఆగే ఈ స్టేషన్లో పార్క్ అవెన్యూ సౌత్‌కి పడమర పక్క మెట్లు దిగితే డౌన్‌టౌన్, తూర్పు పక్క దిగితే అప్‌టౌన్. తప్పు వైపు దిగి ట్యాప్ చేశాక బయటికొచ్చి అటు వెళ్తే మళ్లీ ఛార్జీ పడుతుంది. అలా జరిగితే బయటికి రావద్దు. వచ్చిన రైలే ఎక్కి, లోపలే అవతలి ప్లాట్‌ఫాంకి దాటే వీలున్న పెద్ద స్టేషన్ దాకా వెళ్లి వెనక్కి తిరగండి. డౌన్‌టౌన్ వైపైతే 14వ వీధి యూనియన్ స్క్వేర్, అప్‌టౌన్ వైపైతే గ్రాండ్ సెంట్రల్. ఓ పది నిమిషాలు పోతాయి గానీ డబ్బు పోదు.

పాత టికెట్ కార్డులైన మెట్రోకార్డుల అమ్మకం 2025 డిసెంబరుతో ఆగిపోయింది. ఇప్పుడంతా ఓమ్నీ అనే చెల్లింపు పద్ధతి: ట్యాప్ చేసే బ్యాంకు కార్డు, ఫోను, లేదా స్టేషన్లో మిషన్ దగ్గర కొనే ఓమ్నీ కార్డు. 2026 జనవరి నుంచి ఒక్కో ప్రయాణానికి 3 డాలర్లు. 7 రోజుల్లో 35 డాలర్లు అయిపోతే, ఆ వారంలో మిగతా ప్రయాణాలన్నీ ఉచితం. కాకపోతే మొదటినుంచీ ఒకే కార్డు వాడాలి. పొద్దున ఫోను, సాయంత్రం అదే బ్యాంకు ప్లాస్టిక్ కార్డు ట్యాప్ చేస్తే ఓమ్నీ వాటిని రెండు కార్డులుగా లెక్కేస్తుంది. ఇంటిల్లిపాదికీ ఒకే కార్డు ట్యాప్ చేసినా గేటు తెరుచుకుంటుంది గానీ, ఆ 35 డాలర్ల లెక్కలోకి ఒక్కరి ప్రయాణమే వెళ్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల కార్డు పనిచేయాలంటే అంతర్జాతీయ వాడకం, ట్యాప్ రెండూ బ్యాంకు యాప్‌లో ముందే ఆన్ చేసి ఉండాలి. ఆ తంటా పడేకంటే తలా ఒక ఓమ్నీ కార్డు కొనివ్వడం సుఖం. 44 అంగుళాల ఎత్తు లోపు పిల్లలకు టికెట్ లేదు. దిగేటప్పుడు ట్యాప్ చేయక్కర్లేదు. జెర్సీ సిటీ నుంచి వచ్చే పాత్ రైలు వేరే సంస్థది. దాని ఛార్జీ వేరు, ఈ వారం లెక్కకీ దానికీ సంబంధం లేదు.

రైలుని రంగుతో గుర్తుపెట్టుకోవద్దు. 4, 5, 6 మూడూ ఆకుపచ్చే. గ్రాండ్ సెంట్రల్‌లో 4 గానీ 5 గానీ ఎక్కితే పగటిపూట మధ్యలో ఎక్కడా ఆగకుండా 14వ వీధికి పోతుంది. 28వ వీధిలో దిగాలంటే 6 ఎక్కాల్సిందే. మన పాసింజరు, ఎక్స్‌ప్రెస్ తేడానే ఇక్కడ లోకల్, ఎక్స్‌ప్రెస్. 7వ నంబరు రైలులో తికమక ఇంకాస్త ఎక్కువ: అంకె గుండ్రటి గుర్తులో ఉంటే లోకల్, డైమండ్ గుర్తులో ఉంటే ఎక్స్‌ప్రెస్. మన సరుకులమ్మే పటేల్ బ్రదర్స్ ఉన్న, క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్ 74వ వీధిలో డైమండ్ 7 ఆగదు. అక్కడికి మన్‌హాటన్ నుంచి పగలు వెళ్లాలంటే ‘ఈ’ గానీ ‘ఎఫ్’ గానీ త్వరగా చేరుస్తాయి.

ఈ సర్వీసుకి మార్కులు తగ్గించాల్సింది శని, ఆదివారాల విషయంలో. పట్టాల మరమ్మతులన్నీ అప్పుడే పెట్టుకుంటారు. ఒక లైను రైలు ఇంకో లైను మీద నడుస్తుంది, ఎక్స్‌ప్రెస్ లోకల్ అయిపోతుంది, కొన్ని స్టేషన్లలో ఒకవైపు రైళ్లే ఆగవు. ‘బీ’ రైలు వారాంతంలో అసలు లేదు. అర్ధరాత్రి దాటాక ‘సీ’ నడవదు, దాని బదులు ‘ఏ’ అన్నిచోట్లా ఆగుతుంది. అందుకే బయల్దేరే ముందు సబ్‌వే నడిపే సంస్థ ఎంటీఏ యాప్ చూసుకోవాలి, ప్లాట్‌ఫాం మీద అంటించిన కాగితం చదవాలి, రైల్లో స్పీకరు చెప్పేది వినాలి. రద్దీ రైల్లో ఒక్క పెట్టె మాత్రం ఖాళీగా కనిపిస్తే ఎక్కకండి. లోపల ఏసీ పాడై ఉంటుంది, లేదా భరించలేని వాసన ఉంటుంది.

నడకకి మన్‌హాటన్ అంత అనువైన ఊరు అరుదు. ఉత్తర దక్షిణాలుగా 20 బ్లాకులు (ఒక వీధి నుంచి తర్వాతి వీధికి ఒక బ్లాకు) ఒక మైలు, అంటే బ్లాకుకి సుమారు ఒక నిమిషం నడక. ఉత్తర దక్షిణాలుగా సాగే అవెన్యూల మధ్య దూరం చాలాచోట్ల దానికి మూడింతలు. పాత్ రైలు ఆఖరి స్టేషన్ 33వ వీధి నుంచి లెక్సింగ్టన్ 28వ వీధికి పావుగంట నడక. రైళ్లు మారి వెళ్లినా అంతకంటే ముందు చేరలేరు. భూమి మీదకి వచ్చాక ఎటు తిరగాలో తోచకపోతే ఫోన్లో నీలం చుక్కని నమ్మొద్దు, ఎత్తైన భవనాల మధ్య అది పక్క వీధిలోకి జారిపోతుంది. సరిసంఖ్య వీధుల్లో సాధారణంగా కార్లు తూర్పుకి, బేసిసంఖ్య వీధుల్లో పడమరకి వెళ్తాయి. అది చూస్తే దిక్కు తెలిసిపోతుంది. ఈ లెక్కలన్నీ 14వ వీధి దాకానే. ఇంకా కిందకి వెళ్తే వీధులు వంకర తిరుగుతాయి, అక్కడ మ్యాపు తప్పదు. రోడ్డు దాటేటప్పుడు ముందు ఎడమవైపు చూడటం అలవాటు చేసుకోవాలి. ఎలక్ట్రిక్ సైకిళ్లు మాత్రం ఎటునుంచైనా వస్తాయి.

న్యూయార్క్‌లోనే ఇంకో భాగమైన క్వీన్స్‌లో వరస తిరగబడుతుంది: స్ట్రీట్లు ఉత్తర దక్షిణాలుగా, అవెన్యూలు తూర్పు పడమరలుగా ఉంటాయి. ఇంటి నంబరులో గీతకి ముందున్న అంకె దగ్గర్లోని అడ్డవీధిని చెబుతుంది. 1977లో ప్రతిష్ఠ జరిగిన ఫ్లషింగ్ గణేశ ఆలయం చిరునామా 45-57 బౌన్ స్ట్రీట్, అంటే బౌన్ స్ట్రీట్ మీద 45వ అవెన్యూ దగ్గర. 7వ నంబరు రైలు ఫ్లషింగ్ వైపు ఆఖరి స్టేషన్లో దిగి, రూజ్‌వెల్ట్ అవెన్యూ మీద తూర్పుకి నడిచి, యూనియన్ స్ట్రీట్ దాటాక వచ్చే బౌన్ స్ట్రీట్‌లో కుడికి తిరిగితే చాలు. మొత్తం 25 నిమిషాల్లోపే. దర్శనం అయ్యాక కింద క్యాంటీన్లో దోసె తినకుండా రావద్దు.

మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే మాత్రం ముందే చూసుకోవాలి. సగానికి పైగా స్టేషన్లలో లిఫ్టు లేదు. మ్యాపులో చక్రాల కుర్చీ గుర్తున్న స్టేషన్లనే ఎంచుకుని, ఆ లిఫ్టు ఆరోజు పనిచేస్తోందో లేదో ఎంటీఏ యాప్‌లో చూసి బయల్దేరండి. లేదంటే బస్సు ఎక్కించండి. దాని మెట్టు కిందకి వంగుతుంది, ఛార్జీ అదే 3 డాలర్లు, 2 గంటల్లోపు అదే కార్డుతో సబ్‌వేలోకి మారితే మళ్లీ కట్టక్కర్లేదు.