జిప్సీతో పదకొండేళ్లు: పట్టేసింది స్టీరింగా, చక్రాలా?

చింతపల్లి దాటాక తారు రోడ్డు వదిలి మట్టిబాట పట్టే ముందు బండి ఆపి దిగుతాను. ముందు చక్రాలని ఇరుసుకి కలిపే హబ్ లాకులు రెండూ చేత్తో తిప్పి, మళ్లీ ఎక్కి, నాలుగు చక్రాలకీ ఇంజను లాగుడు అందించే ఫోర్ వీల్ లివరు వేస్తాను. పదకొండేళ్లుగా ఇదే అలవాటు. మిరియాలు, కాఫీ గింజలు కొనే పని మీద వారానికి రెండుసార్లయినా నర్సీపట్నం నుంచి లంబసింగి ఘాటు ఎక్కాలి. 2014లో సెకండ్ హ్యాండ్‌లో కొన్న 2002 మోడల్ మారుతి జిప్సీ కింగ్ ఇప్పటికీ ఆ పని చేసిపెడుతోంది. నా చేతికొచ్చాక లక్షా పదివేల కిలోమీటర్లు తిరిగింది.

బండి గురించి నా మాట ముందే చెప్పేస్తాను. టన్నుకి కాస్త అటూ ఇటూ బరువు, 1300 సీసీ పెట్రోలు ఇంజను, ముందూ వెనకా కమాన్ కట్టలు. వాన పడ్డ ఎర్రమట్టి మీద బరువైన బండ్లు కూరుకుపోయే చోట ఇది పైపైన నడిచి వచ్చేస్తుంది. తారు మీద కుదుపు ఎక్కువ, పెట్రోలు బాగా తాగుతుంది, పవర్ స్టీరింగు లేదు. ఇవన్నీ తెలిసే కొన్నాను, ఇప్పటికీ బాధ లేదు. నన్ను రెండేళ్లపాటు తిప్పలు పెట్టింది వేరే సంగతి. ఘాటు దిగేటప్పుడు బండి పట్టేసేది.

పట్టేయడమంటే ఇలా: మలుపులో స్టీరింగు తిప్పితే రాయిలా బిగుసుకునేది. మలుపు అయిపోయాక చెయ్యి వదిలితే తనంతట తాను వెనక్కి రావాలి కదా, వచ్చేది కాదు, నేనే లాగి నిలబెట్టాలి. దానికి తోడు ఎవరో హ్యాండ్ బ్రేకు సగం లాగి పట్టుకున్నట్టు బండి బరువెక్కేది. ఫోర్ వీల్ లివరు టూ వీల్‌లోకి, అంటే వెనక చక్రాలే లాగేలా, మారుద్దామంటే కదిలేది కాదు.

ఒక వర్క్‌షాపులో స్టీరింగు బాక్సు పైనున్న స్క్రూ తిప్పి సరిచేశామన్నారు. నాలుగు రోజులకే మునుపటికంటే కష్టమైంది. మళ్లీ వెళితే బాక్సే మార్చాలన్నారు. ఆ స్క్రూ ఉన్నది బాక్సు లోపలి గేరు పళ్ల మధ్య వదులు తగ్గించడానికి. మరీ బిగిస్తే చక్రాలు తిన్నగా ఉన్నచోటే స్టీరింగు పట్టుకుంటుంది, బండి దారి మీద నిలవదు, ఏ మూలనో ఉన్న జబ్బు కూడా కనపడకుండా పోతుంది. దయచేసి ముందుగా ఆ స్క్రూ మీద ఎవరినీ చెయ్యి వేయనివ్వకండి.

చివరికి దారి చూపింది మా ఊళ్లో ట్రాక్టర్లు బాగుచేసే పెద్దాయన. నేను చెప్పిందంతా విని, "బాబూ, మీరు ఒకటే రోగమనుకుంటన్నారు. రెండున్నాయేమో చూడండి. సగం బండిని పక్కన పెట్టేస్తే మిగిలిన సగంలోనే ఉంటాది కదా" అన్నాడు. ఆ మాట పట్టుకునే మొదలుపెట్టాను.

ముందు బ్రేకులు. తిన్నటి రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపి, బ్రేకు పెద్దగా తొక్కకుండా బండిని దానంతట అదే ఆగనిచ్చి, నాలుగు చక్రాల రిమ్ముల దగ్గరా చెయ్యి పెట్టి చూశాను. నాలుగూ ఒకేలా గోరువెచ్చగా ఉన్నాయి. ఏదైనా బ్రేకు పట్టుకుని ఉంటే ఆ ఒక్క చక్రమే కాలిపోతూ ఉండేది. ఇది ఖర్చు లేని పని, అందరూ దీంతోనే మొదలుపెట్టాలి.

తరవాత హబ్ లాకులు వదిలేసి, టూ వీల్‌లో, సిమెంటు నేల మీద ఇద్దరం కలిసి బండిని నెట్టాం. సులువుగా దొర్లింది. అంటే ఆ బరువు నాలుగు చక్రాలూ కలిసినప్పుడే వస్తోంది. కానీ అదే టూ వీల్‌లో రోడ్డెక్కితే స్టీరింగు మాత్రం ఇంకా వెనక్కి తిరిగి రావడం లేదు. పెద్దాయన అన్నది నిజమే, రోగాలు రెండు.

మొదటిది చక్రాలది. ఇంజను లాగుడుని ఇరుసులకి చేర్చే కడ్డీలు ప్రొపెల్లర్ షాఫ్టులు. జిప్సీలో ముందు షాఫ్టుకీ వెనక షాఫ్టుకీ మధ్య డిఫరెన్షియల్, అంటే రెండూ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక, ఉండదు. ఫోర్ వీల్ వేస్తే రెండు షాఫ్టులూ ఒకదానికొకటి కట్టేసినట్టు ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో ముందు చక్రాలు వెనక వాటికంటే ఎక్కువ దూరం నడవాలి. మట్టిలోనైతే టైరు కాస్త జారి ఆ తేడా తీర్చేసుకుంటుంది. పొడి తారు మీద జారదు, కాబట్టి ఆ తేడా అంతా మెలి పడి షాఫ్టుల్లో, గేర్లలో నిలిచిపోతుంది. లివరు రాకపోవడానికీ, బండి బరువెక్కడానికీ కారణం ఈ మెలే. ఇది బండి లోపం కాదు, దాని తయారీయే అంత. బండిని తిన్నగా పెట్టి నాలుగైదు గజాలు వెనక్కి నడిపితే 'టక్'మని మెలి వీడిపోతుంది, లివరు వేలితో లాగినా వస్తుంది. మెలి పడి ఉన్నప్పుడు మాత్రం చక్రానికి జాకీ పెట్టకండి. నేల వదలగానే అది ఒక్కసారిగా గిర్రున తిరుగుతుంది, చెయ్యి దగ్గరుంటే ప్రమాదం.

అయితే తిన్నటి దారిలో కూడా నాకు మెలి ఎందుకు పడుతోంది? టైర్ల వల్ల. పట్టు కోసమని అంతకుముందు ఏడాది ముందు రెండే కొత్తవి వేయించాను. నాలుగూ 215/75 ఆర్15 సైజువే, కంపెనీ కూడా ఒకటే, అందుకే నాకు అనుమానం రాలేదు. గాలి సమానంగా పట్టించి, ముందు టైరు నేలకి ఆనిన చోట సుద్దముక్కతో గీత గీశాను, నేల మీదా అక్కడే ఒకటి. బండిని నెమ్మదిగా తోసి, టైరు మీది గీత ఒక చుట్టు తిరిగి మళ్లీ నేలకి ఆనిన చోట ఇంకో గీత. టేపు పెడితే 215 సెంటీమీటర్లు. వెనక టైరుకి అదే పని చేస్తే 211న్నర. చుట్టుకి మూడున్నర సెంటీమీటర్ల తేడా. కిలోమీటరుకి చక్రం దాదాపు 465 చుట్లు తిరుగుతుంది, అంటే ప్రతి కిలోమీటరుకి ముందు చక్రాలు 16 మీటర్లు ఎక్కువ పోవాలని చూస్తున్నాయి, వెనకవి పోనివ్వడం లేదు. నేల మీద ఆ రెండు గీతల మధ్య కూర్చుని లెక్క వేసుకున్నప్పుడు, ఏడాదిగా ఆ గేరు పళ్లు మోసిన భారం తలుచుకుంటే నిజంగా మనసు కలుక్కుమంది. మర్నాడే వెనక రెండూ మార్పించాను. తారు తగలగానే ఫోర్ వీల్ తీసేయడం అప్పటినుంచి ఒక్కసారీ మరవలేదు.

రెండోది స్టీరింగుది. ముందు యాక్సిల్ కింద రెండువైపులా స్టాండ్లు పెట్టి (ఇటుకలు వద్దు, జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు) రెండు చక్రాలూ గాల్లో ఉంచి, స్టీరింగు ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పాను. ఒక చుట్టు తిరిగేలోపు రెండుసార్లు బరువై రెండుసార్లు తేలికైతే స్టీరింగు షాఫ్టు జాయింటుని అనుమానించాలి. నాకు అలా లేదు, తిన్నగా ఉండే చోటికి రాగానే గుంటలో పడ్డట్టు ఆగుతోంది. బాక్సు నుంచి చక్రాల వైపు వచ్చే డ్రాగ్ లింకు అనే కడ్డీ ఊడదీశాను. బిగించిన స్క్రూని పెద్దాయన చేత మునుపటి చోటికి తిప్పించాక స్టీరింగు వెన్నలా తిరిగింది. బాక్సు నిర్దోషి. ఇక ముందు చక్రాలు రెంటినీ కలిపే టై రాడ్డు కూడా తీసి ఒక్కో చక్రాన్ని చేత్తో అటూ ఇటూ తిప్పాను. ఎడమది ఒక మోస్తరు. కుడిది మధ్యలోకి రాగానే కటుక్కుమని ఆగుతోంది.

కుడి కింగ్‌పిన్, అంటే చక్రం అటూ ఇటూ తిరగడానికి ఆధారమయ్యే మేకు, విప్పాం. పైన బేరింగు బయటికి తీస్తే గ్రీజు లేదు, ఇటుకపొడి రంగులో ఎండిపోయిన ముద్ద ఉంది. దాన్ని కిరోసిన్‌తో కడిగి, రోలర్లు దొర్లే బేరింగు గిన్నెలో వేలు పెట్టి తిప్పితే, రోలర్లు ఆనే చోటల్లా వరసగా గాట్లు గోరుకి తగిలాయి. ఏళ్ల తరబడి తిన్నగా నడిచి నడిచి ఒకేచోట దెబ్బతిన్న గుర్తులవి. కింగ్‌పిన్ కింద ఉండాల్సిన షిమ్ములు, అంటే బిగువు సరిచేసే పలచటి రేకు బిళ్లలు, కూడా తక్కువున్నాయి. ముందు చక్రాలు వణుకుతున్నప్పుడు షిమ్ము తీసేసి బిగించడం కొందరు చేసే పని. వణుకు ఆగుతుంది కానీ బేరింగు నలిగిపోతుంది. కొత్త బేరింగులు, కొత్త సీలు వేసి, స్ప్రింగు త్రాసు తగిలించి చక్రం కదలడానికి ఎంత లాగాల్సి వస్తోందో మాన్యువల్ లెక్కకి సరిపెడుతూ షిమ్ములు పెట్టాడు పెద్దాయన. ఒక పూటంతా పట్టింది. అంత ఓపికగా చేసే చెయ్యి దొరకడం అదృష్టం.

పనిలో పని, ప్రొపెల్లర్ షాఫ్టుల జారుడు పళ్లకీ, క్రాసులనే జాయింట్లకీ గ్రీజు కొట్టించాను. బండి కదిలేటప్పుడు వచ్చే చిన్న దెబ్బ శబ్దం దాంతో పోయింది.

పాత జిప్సీ కొనబోయేవారు ఎవరైనా ఉంటే జేబులో సుద్దముక్క, టేపు పెట్టుకుని వెళ్లండి. టైర్లు నాలుగూ కొలవండి. హబ్బులు వదిలి టూ వీల్‌లో నడిపి, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా మలుపు తిప్పి పట్టు కాస్త సడలించి చూడండి. స్టీరింగు వెనక్కి రాకపోతే కింగ్‌పిన్ ఖర్చు కూడా కలుపుకునే బేరం ఆడండి. ఈ బండి తయారీ ఆపేసి ఏళ్లయింది కాబట్టి సామాన్ల కోసం తిరగక తప్పదు.

మొన్న ఆదివారం ఘాటు దిగుతూ మలుపు దాటాక చేతులు వదులుగా పట్టుకున్నాను. స్టీరింగు నా వేళ్ల మధ్యనుంచి మెల్లగా జారుతూ తిన్నగా వచ్చి నిలబడింది. ఎడమ కింగ్‌పిన్ బేరింగులు ఇంకా పాతవే. కొత్తవి, సీలుతో సహా కొని డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకున్నాను, వానలు తగ్గాక విప్పిస్తాను.