గంట కొట్టేవాడి కోసం ఓ శనివారం

పోయినసారి మేము సాలార్‌జంగ్ మ్యూజియం గేటు మాత్రమే చూసి వచ్చాం. ఖమ్మంలో తెల్లవారుజామున బస్సెక్కి, హైదరాబాద్‌లో ఎంజీబీఎస్ బస్టాండులో దిగి, అక్కడే ముఖాలు కడుక్కుని, ఆటోలో వెళ్ళి నిలబడితే గేటుకు తాళం. శుక్రవారం సెలవట. మ్యూజియాలన్నీ సోమవారమే మూస్తారని నా లెక్క. తప్పు నాదే. ఆ రోజు నుంచి ఎవరు హైదరాబాద్ మాటెత్తినా అమ్మ "మా అమ్మాయి నాకు గేటు చూపించిందమ్మా" అని మొదలుపెడుతుంది.

అందుకే ఈసారి మే 18 చూసుకుని బయల్దేరాం. అది అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం, 1977 నుంచి ఏటా జరుపుతున్నారు. ఆ రోజు చాలా చోట్ల టికెట్ ఉండదు, పైగా మామూలుగా పెట్టెల్లో ఉండే వస్తువులు కొన్ని బయటికి తీసి చూపిస్తారు. జనం ఎక్కువుంటారని తెలుసు. అయినా శనివారం పడింది, మావాడికి ఎండాకాలం సెలవులు, అమ్మకు మోకాళ్ళ నొప్పి కాస్త తగ్గి ఉంది. మూడూ కలవడం మళ్ళీ ఎప్పుడో!

శుక్రవారం సాయంత్రానికే చేరి నాంపల్లిలో ఒక లాడ్జిలో దిగాం. ఫోన్లో ఫొటోలు చూసి బుక్ చేసింది. గది శుభ్రంగానే ఉంది, దుప్పట్లు ఉతికినవే. కానీ గది మూడో అంతస్తులో, లిఫ్టుకేమో "రిపేరులో ఉంది" అని కాగితం. ఆ కాగితమే పసుపు రంగుకు తిరిగింది, ఎన్నాళ్ళ రిపేరో మరి. అమ్మ ప్రతి మెట్టు మలుపులోనూ ఆగి నా వైపు చూసింది. వేడినీళ్ళు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు గదికి డబ్బు కట్టే ముందు ఫోన్ చేసి లిఫ్టు సంగతి అడగండి, ఫొటోల్లో అది తెలియదు. ఒకటి మాత్రం కలిసొచ్చింది. నాంపల్లిలో మెట్రో ఎక్కితే మూడో స్టేషనే ఎంజీబీఎస్. అక్కడి నుంచి ఆటో. ఆటో అతను నూట యాభై అన్నాడు, అరవైకి వచ్చాడు. నయాపూల్ మీద మూసీ దాటగానే ఎడమ చేతివైపు మ్యూజియం.

పదింటికి తెరుస్తారు, మేము పదింబావుకి లోపలున్నాం. సంచులు క్లోక్ రూమ్‌లో పెట్టాలి. అమ్మ సంచిలో పులిహోర డబ్బా ఉంది. అక్కడి కుర్రాడు టోకెన్ ఇస్తుంటే "నాయనా, దాన్ని నిలబెట్టి పెట్టు, నూనె కారుద్ది" అని రెండుసార్లు చెప్పింది. ఏడో శతాబ్దపు విగ్రహం అప్పగించినా అంత జాగ్రత్త చెప్పదు.

లోపల నలభై దాకా గ్యాలరీలు. మధ్యలో భారతీయ వస్తువులు, పక్కన పాశ్చాత్య భవనం, తూర్పు దేశాల భవనం. ఒక్కరోజులో అన్నీ చూస్తామని పంతం పట్టొద్దు. మధ్యాహ్నానికి కాళ్ళు పీకి, ఆ తర్వాత అన్నీ పింగాణీ ప్లేట్లలాగే కనిపిస్తాయి. నేను ముందే కాగితం మీద ఆరు వస్తువులు రాసుకున్నాను, వాటితోపాటు ఆ రోజు ప్రత్యేక ప్రదర్శన.

మొదటిది గడియారం. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరుతో ఉన్న ఈ సంగీత గడియారంలో 350కి పైగా భాగాలున్నాయంటారు. గంట అయ్యేసరికి పైనున్న చిన్న తలుపులోంచి గడ్డం ఉన్న బొమ్మ మనిషి బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి, లోపలికి వెళ్ళిపోతాడు. ఎక్కువ దెబ్బలు వినాలని అందరూ పన్నెండింటికి మూగుతారు. మీరు పదకొండింటికి వెళ్ళండి. తగ్గేది ఒక్క దెబ్బే, దొరికేది ముందు వరస. మేము పదీ నలభైకే వెళ్ళి కూర్చున్నాం. పదకొండుకు రెండు నిమిషాలుందనగా వెనక మొత్తం నిండిపోయింది. ఫోన్లన్నీ పైకి లేచాయి. గడ్డం బొమ్మాయన వచ్చాడు, కొట్టాడు, వెళ్ళాడు. పిల్లలు చప్పట్లు. రెండు నిమిషాల్లో అంతా ఖాళీ.

అమ్మ లేవలేదు. ఆ గడియారంలోనే ఇంకో బొమ్మ ఉంటుంది, కమ్మరివాడు. సెకనుకొక దెబ్బ, సుత్తితో కొడుతూనే ఉంటాడు. అమ్మ వాళ్ళ తాతది కొలిమి పని. కళ్ళద్దాలు ముక్కు మీదికి దించుకుని చాలాసేపు చూసింది. "సుత్తి పట్టు సరిగ్గానే పెట్టాడు" అంది మొదట. కాసేపాగి, "గంటకోసారి వచ్చిపోయేటోడి కోసం ఇంతమంది కూర్చున్నారు, ఈయన పొద్దున్నించి కొడుతూనే ఉన్నాడు, ఒక్కరూ చూడరేందే?" అంది. నేనూ అప్పటిదాకా చూడలేదని చెప్పలేదు.

ముసుగు రెబెక్కా దగ్గర ఆగని వాళ్ళుండరు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన పాలరాతి బొమ్మ, నిజాం ప్రధాని మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్ నుంచి తెచ్చాడు. బైబిల్లో రెబెక్కా తనకు కాబోయే భర్త ఇస్సాకును చూడగానే ముసుగు కప్పుకుంటుంది, ఆ క్షణమన్నమాట. మావాడు చుట్టూ రెండు ప్రదక్షిణలు చేసి "రాతి లోపల మొహం ఎట్లా చెక్కారమ్మా?" అన్నాడు. లోపలేం లేదురా, పైపై మడతల్లోనే ముక్కూ కళ్ళూ తేలేట్టు చెక్కాడు అంటే నమ్మలేదు. అమ్మ మాత్రం "తడిబట్ట ఆరేసినట్టుంది" అని ఒక్క మాటలో తేల్చేసింది. పక్కన నిలబడ్డ ఎవరో ఆవిడ తలూపారు.

మిగతావి త్వరగా. ఒకే కొయ్యలో ముందు వైపు పొగరుబోతు మెఫిస్టోఫెలిస్, వెనక వైపు తలదించుకున్న మార్గరెట్టా. ఇద్దరూ జర్మన్ కవి గోథే 'ఫౌస్ట్' నాటకంలోని వాళ్ళు, అతను సైతాను, ఆమె అమాయకురాలు. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. ఫ్రాన్స్ రాజు పదహారో లూయీ టిప్పు సుల్తాన్‌కు పంపాడని చెప్పే దంతపు కుర్చీలు. జేడ్ రాతి వస్తువుల గ్యాలరీలో ఢిల్లీ సుల్తాన్ ఇల్‌టుట్‌మిష్ పేరు చెక్కిన పుస్తకపీట. దాన్ని చూడగానే అమ్మ "ఇది మన వ్యాసపీఠమే కదా!" అంది. నిజమే, భాగవతం పెట్టినా ఖురాన్ పెట్టినా పీట మడత అదే.

ఇన్ని వస్తువుల్లో ఎక్కువ భాగం మూడో సాలార్‌జంగ్, అంటే మీర్ యూసుఫ్ అలీ ఖాన్ పోగేసినవి. ఏడో నిజాం దగ్గర 1912 నుంచి 1914 దాకా ప్రధానిగా చేసి, మానేసి, 1949లో చనిపోయేదాకా కొంటూనే ఉన్నాడు. పెళ్ళి చేసుకోలేదు. ఆ మాట చెప్పగానే అమ్మ "అదీ సంగతి, అడిగేవాళ్ళు లేకపోతే ఎన్నైనా కొనొచ్చు" అంది. ఆయన పోయాక 1951 డిసెంబర్ 16న నెహ్రూ చేతుల మీదుగా సాలార్‌జంగ్‌ల నివాసం దివాన్ దేవ్డీలో మ్యూజియం మొదలైంది, ఇప్పుడున్న భవనానికి 1968లో మారింది.

మా ఆరు వస్తువులూ అయ్యేసరికి ఒంటిగంట. పులిహోర విడిపించుకుని, బయట నీడలో కూర్చుని తిన్నాం. శనివారం అమ్మ నీచు ముట్టదు, లేకపోతే మదీనా చౌరస్తా దగ్గర షాదాబ్ హోటల్‌కు వెళ్ళేవాళ్ళం. నేను బిర్యానీ ఆదివారానికి వాయిదా వేసుకున్నాను.

తర్వాత చేతిరాతల ప్రత్యేక ప్రదర్శన. గది చిన్నది, జనమూ తక్కువే. గడియారం దగ్గరి గుంపులో పదోవంతు కూడా ఇటు రాలేదు. అరబ్బీ, ఫార్సీ రాతప్రతులు గాజు కింద పెట్టారు. ఒక మూల బల్ల వేసుకుని ఓ పెద్దాయన కూర్చుని రాసి చూపిస్తున్నారు. దగ్గర్లోని ఛత్తా బజార్‌లో చాలా ఏళ్ళు పెళ్ళి కార్డులు రాశారట. కంప్యూటర్ ఫాంట్లు రాకముందు ఉర్దూ కార్డు ఏదైనా ముందు చేత్తో రాస్తేనే అచ్చయ్యేది. ఆ వీధి నిండా రాసేవాళ్ళే ఉండేవారని, ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చని అన్నారు.

ఆయన చేతిలో రెల్లు కలం. మొన ఏటవాలుగా కోసి ఉంది. సిరాలో ముంచి ముందు అక్షరం రాయలేదు, చుక్కలు పెట్టారు. కలం మొన ఎంత వెడల్పో అంత చుక్క, వజ్రం ఆకారంలో, ఒకదాని మీద ఒకటి. ఆ చుక్కలే కొలబద్ద. అలిఫ్ ఎత్తు ఇన్ని చుక్కలు, బే పొడవు ఇన్ని చుక్కలు అని లెక్క. కలం మారితే చుక్క మారుతుంది, చుక్క మారితే అక్షరం మొత్తం పెరుగుతుంది లేదా తగ్గుతుంది. స్కేలు అక్కర్లేదు. మావాడు నోరు తెరుచుకుని చూశాడు. వాడి పేరు రాయించుకున్నాక, "మా అమ్మమ్మది కూడా" అన్నాడు.

అమ్మ పేరులో 'ణ' ఉంది. ఆయన ఆ పేరును రెండుసార్లు పలికించుకుని నవ్వారు. "మా దగ్గర ఆ అక్షరం లేదమ్మా, నూన్‌తోటే, అంటే మీ 'న'తోటే కానిస్తా" అన్నారు తెలుగులోనే. కుడి నుంచి ఎడమకు, చేయి ఎత్తకుండా గీత లాగి, చివర్లో పైన ఒక చుక్క పెట్టారు. కాగితం ఆరేదాకా అమ్మ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. డబ్బులిస్తామంటే తీసుకోలేదు.

సాయంత్రం పురానీ హవేలీలోని నిజాం మ్యూజియానికి వెళ్ళాం, ఆటోలో పది నిమిషాలు. చిన్నది, గంట చాలు. ఆరో నిజాం బట్టల బీరువా కోసమైనా వెళ్ళండి. హాలు పొడవునా రెండంతస్తుల చెక్క బీరువాలే. వేసిన బట్ట మళ్ళీ వేసేవాడు కాదని చెబుతారు. చేత్తో లాగే చెక్క లిఫ్టు కూడా ఉంది. దాన్ని చూసి అమ్మ ఏమీ అనలేదు, నా వైపు చూసింది అంతే. లాడ్జికి చేరాక మూడు అంతస్తులూ మాట్లాడకుండా ఎక్కాను.

ఆదివారం పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం. లాడ్జి నుంచి దగ్గరే. మావాడు ఊరు కదిలిందే అక్కడి ఈజిప్టు మమ్మీ కోసం. ఫారో కూతురు నైషూ అని పేరు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లకు కొని తెచ్చి ఏడో నిజాంకు ఇస్తే, ఆయన 1930లో మ్యూజియానికి ఇచ్చేశాడు. 2016లో ఎక్స్‌రే, సీటీ స్కాన్ కూడా తీశారు, ఇప్పుడు ఆక్సిజన్ తగలని గాజుపెట్టెలో ఉంది. సినిమాల్లోలా లేస్తుందనుకున్నాడేమో, మావాడు ఐదు నిమిషాల్లో అజంతా బొమ్మల నకళ్ళ వైపు వెళ్ళిపోయాడు. అమ్మ "ఎక్కడి పిల్ల, ఎక్కడికొచ్చి పడుకుంది" అని గాజు దగ్గర దండం పెట్టింది. పిల్లలతో వెళ్ళేవాళ్ళు మమ్మీ గురించి ముందే మరీ ఊరించకండి. రెంటిలో ఒకటే చూసే టైముంటే నేనైతే సాలార్‌జంగ్‌కే ఓటేస్తాను, కానీ ఇక్కడ గుంపు లేదు, నిలబడి చూసుకోవచ్చు.

షాదాబ్‌లో బిర్యానీ తినేసి మూడున్నర బస్సు పట్టుకున్నాం. సూర్యాపేట దాటాక అమ్మ కాగితం తీసి, "ఏ వైపు నుంచి చదవాలిరా?" అంది. మావాడు కుడివైపు వేలు పెట్టి చూపించాడు. "మరి నా ణ ఏది?" "ఆ చుక్క ఉంది చూడు, దాని కిందదే అమ్మమ్మా." కాసేపు ఆ చుక్కనే చూసి, నలగకుండా ఖాళీ పులిహోర డబ్బాలో పెట్టి మూత బిగించింది. డబ్బా కడిగిందో లేదో అని నాకు ఇంటికొచ్చేదాకా టెన్షనే.